తామరకు ఆకు పసరు

ప్రశ్న: గజ్జల్లో తామర వచ్చింది. మెట్టతామర ఆకు నూరి, నిమ్మరసం కలిపి రాస్తుంటే భగ్గున మండుతోంది. మానేయాలా?

జవాబు: ముందు నిమ్మరసం మానండి, మంట చాలావరకు దానివల్లే. మెట్టతామర (సీమ అవిసె అన్నా ఇదే) ఆకులో తామర తెచ్చే బూజును (ఫంగస్) అణిచే క్రైసోఫానిక్ ఆమ్లం ఉంది. లేత చర్మానికి అదీ ఘాటే. పుండుపడిన చోట అసలు రాయొద్దు. గజ్జలకైతే పసరు కన్నా 1 శాతం క్లోట్రిమజోల్ క్రీము మేలు. తడి పూర్తిగా ఆరాక రోజుకు 2 సార్లు, మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల వరకు రాయండి. బూజు చురుగ్గా ఉండేది అంచులోనే. దురద తగ్గగానే ఆపేస్తే తిరగబెడుతుంది, మచ్చ పోయాక ఇంకో 2 వారాలు రాయాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీముతో ఎరుపు తగ్గుతుంది, తామర మాత్రం లోలోపల పాకుతుంది. షుగరు ఉంటే నేరుగా చర్మవైద్యుడికి చూపించండి.