కుందేలును ఇంటికి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. స్నేహితురాలి ఇంట్లో కుందేళ్లను చూసి వచ్చినప్పటి నుంచి తనకూ కావాలని పట్టుబడుతోంది. మేము అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉంటాం. భార్యాభర్తలిద్దరం ఉద్యోగస్తులం. దుకాణంలో అడిగితే బాల్కనీలో చిన్న బోను పెట్టుకుని క్యారెట్, క్యాబేజీ వేస్తే చాలనీ, జతగా తీసుకుంటే మంచిదనీ చెప్పారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు రాసిన పరిస్థితుల్లో ఇప్పుడే తీసుకోవద్దన్నదే నా సలహా. అందుకు మొదటి కారణం ఎండ. కుందేలు మనలాగా చెమట ద్వారా ఒళ్లు చల్లబరచుకోలేదు. ఒంట్లోని వేడిని చాలావరకు చెవుల గుండానే బయటికి పంపుకుంటుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు చేరేసరికే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మీ ఊళ్లో, శ్లాబు వేడి దిగే పై అంతస్తు బాల్కనీలో ఉంచితే ఒక్క మధ్యాహ్నంలోనే ప్రాణం పోవచ్చు. చెవులు కాలిపోతుండటం, నోరు తెరిచి వగర్చడం, చొంగ కారుస్తూ పక్కకు వాలిపోవడం వడదెబ్బ లక్షణాలు. అవి కనిపించగానే చల్లని గదిలోకి మార్చి, చెవులను మామూలు నీళ్లతో తడిపి, ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లాలి. ఐసు నీళ్లలో ముంచకూడదు. పగలంతా మీరిద్దరూ ఆఫీసులో ఉంటే వీటిని కనిపెట్టే వారెవరన్నదే నా ఆందోళన. వేసవిలో ఏసీ గది ఇవ్వగలిగి, కరెంటు పోతే చూసుకునే పెద్దవారెవరైనా ఇంట్లో ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు.

మేత విషయంలో దుకాణం వారి మాట నమ్మవద్దు. కుందేలు తిండిలో నూటికి 80 పాళ్లు గడ్డే ఉండాలి. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. పీచున్న గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి, పేగులు కదులుతాయి. పురుగుమందు తగలని గరిక మంచి మేత. వరిగడ్డిలో పోషకాలు తక్కువ కనుక దానితోనే సరిపెట్టకూడదు. కొత్తిమీర, పుదీనా రోజూ కొద్దిగా వేయవచ్చు. క్యారెట్‌లో చక్కెర ఎక్కువ. ఎప్పుడైనా చిన్న ముక్క చాలు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజూ శనగగింజంత గుండ్రని పెంటికలు వందకు పైగానే వేస్తుంది. అవి చిన్నవై, తగ్గిపోయి, 10, 12 గంటలు మేత ముట్టకుండా మూల కూర్చుంటే పేగుల కదలిక ఆగిపోతోందని అర్థం. తెల్లవారే దాకా ఆగకూడని పరిస్థితి అది. కుక్కలకు, పిల్లులకు సాధారణంగా ఇచ్చే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందును కుందేలుకు నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియా నశించి ప్రాణాపాయం కలుగుతుంది. అందువల్ల కుందేళ్లకు వైద్యం చేసిన అనుభవమున్న పశువైద్యులు దగ్గరలో ఉన్నారో లేదో ముందే కనుక్కోవాలి.

కుందేలుకు తోడు కావాలన్న మాట నిజమే. అయితే పిల్లలుగా ఉన్నప్పుడు ఆడ, మగ గుర్తించడం కష్టం. రెండూ ఆడవేనని ఇచ్చిన జతలో ఒకటి మగది కావడం తరచుగా జరిగేదే. చూలు నెల రోజులే కాబట్టి చూస్తుండగానే ఇల్లు నిండిపోతుంది. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించక తప్పదు. ఆడ కుందేళ్లకు వయసు మీద పడ్డాక వచ్చే గర్భసంచి క్యాన్సర్ ముప్పు కూడా దానితో తొలగుతుంది.

ఇక పాప సంగతి. చాలా కుందేళ్లకు ఎత్తుకోవడం నచ్చదు. పిల్లలు గట్టిగా పట్టుకుంటే వెనుక కాళ్లతో బలంగా తన్నుతుంది. ఆ ఊపుకు దాని వెన్నెముకే విరగవచ్చు. నేల మీద పక్కన కూర్చుని, అదే దగ్గరకు వచ్చేదాకా ఆగే ఓర్పు మీ పాపకు ఉందో లేదో మీకే తెలుస్తుంది. కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. పాప ఇంటర్‌కు వచ్చినా గడ్డి తెచ్చే పని, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఎవరికి అప్పగించాలన్న సమస్య మీకే ఉంటాయి. దాన్ని పాప బాధ్యతగా కాక మీ బాధ్యతగా ఒప్పుకోగలరా అన్నది మీరిద్దరూ మాట్లాడుకోండి.

ఈలోగా ఆ స్నేహితురాలి ఇంటికే ఒక ఆదివారం పాపను పంపి, బోను కడగడం, గడ్డి వేయడం ఆమె చేత చేయించమని వాళ్ల అమ్మగారిని అడగండి. ఆ తరువాత కూడా కావాలంటే, వైద్యులు, గది, గడ్డి ఏర్పాటు ముందు చూసుకుని, వానలు పడి వాతావరణం చల్లబడ్డాక తెచ్చుకోండి.