దీవుల్లో సముద్రపు గాజు పెంకులు ఏరడంలో అంత ఆకర్షణ ఏముంది?

ప్రశ్న అడిగినవారు కింద ఇంకో వాక్యం కూడా చేర్చారు: "పగిలిన సీసా పెంకులు ఏరడానికి దీవుల దాకా పోయేవాళ్లకు వేరే పనేమీ ఉండదా?" అని. ఆ వాక్యం చూసే ఈ జవాబు రాస్తున్నాను.

నేను దీవికి పోయింది పెంకుల కోసం కాదు. డెబ్బై రెండేళ్ల మా అమ్మ సముద్రం చూడలేదు, విమానం ఎక్కలేదు. రెండు ముచ్చట్లూ ఒకేసారి తీరతాయని 2025 సంక్రాంతి సెలవుల్లో అండమాన్‌కు టికెట్లు తీశాను. పెంకులు ఏరింది కూడా నేను కాదు, ఆమే.

మాది నల్గొండ. అమ్మ ముప్పై ఏళ్లు గాజులమ్మింది. దుకాణం లేదు. గంపలో మలారాలు సర్దుకుని పొద్దున్నే బస్సెక్కి చండూరు, నాంపల్లి, మర్రిగూడ వైపు ఊళ్లు తిరిగేది. చేయి పట్టుకుంటే చాలు, గాజు సైజు టూ ఫోరా టూ సిక్సా చెప్పేసేది. మా ఇంట్లో ఒక రూలు ఉండేది. గాజు చిట్లితే పెంకు నేల మీద ఉండకూడదు. చీపురుతో ఊడ్చాక కూడా అమ్మ అరచేయి తడి చేసుకుని నేలంతా తడిమేది. దొరికిన పెంకులన్నీ ఒక డాల్డా డబ్బాలో వేసేది. ఆ డబ్బాలోంచి దొంగిలించడం మా పిల్లల పని. కొవ్వొత్తి మంట మీద పెంకును వంచి, ఒకదానిలోకి ఒకటి దూర్చి దండలు చేసి గుమ్మానికి కట్టేవాళ్లం. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. నా ఎడమ బొటనవేలి మీదున్న మచ్చ చూపిస్తే అప్పుడు నమ్ముతారు.

ఇదంతా ఎందుకంటే, గాజంటే కోసేదని పుట్టినప్పటి నుంచి నేర్చుకున్న ఇంటివాళ్లం మేము.

అండమాన్‌లో దిగిన ఊరి పేరు శ్రీ విజయపురం. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో పెట్టిన కొత్త పేరు అది. పేరు వినగానే అమ్మ, "సాగర్ కాడి విజయపురేనా?" అంది. తప్పేం లేదు. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, ఇప్పుడు డ్యాం దగ్గరి కాలనీలకూ అదే పేరు. బస్సులో పోయే విజయపురికి విమానం ఎందుకెక్కించావని రెండు రోజులు నన్ను అనుమానంగానే చూసింది.

ఆ రెండు రోజులూ ప్యాకేజీ టూరు. దాని గురించి చెప్పకుండా ఉండలేను. "ఈ పాయింటు ఇరవై నిమిషాలు, ఆ పాయింటు పదిహేను నిమిషాలు" అని గొర్రెల్ని తోలినట్టు తోలారు. నార్త్ బే దీపస్తంభం బొమ్మ పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉంటుంది. మా గైడు ఆ నోటు ఒకటి లామినేషన్ చేయించి జేబులో పెట్టుకున్నాడు. బస్సులో ఉన్న ముప్పై మందీ వరసగా ఆ నోటు పట్టుకుని, వెనక దీపస్తంభం పడేట్టు ఫోటో దిగాలి. దిగేదాకా బస్సు కదలదు. అమ్మ వంతు వచ్చింది. నోటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మడతపెట్టి కొంగున ముడేసుకుంది. లామినేషన్ నోటు మడత పడిందని గైడు ముఖం రోజంతా అట్లాగే ఉంది.

మూడో రోజు పొద్దున లేచి చూస్తే అమ్మ మంచం ఖాళీ. అక్కడ జనవరిలో కూడా ఐదున్నరకే వెలుతురు వచ్చేస్తుంది, మన దగ్గర ఆ టైముకు ఇంకా చీకటే. అమ్మకు హిందీ రాదు, ఫోను దిండు కిందే ఉంది. ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. రిసెప్షన్‌లో కుర్రాడు నిద్రపోతున్నాడు. హోటల్ వెనక మెట్లు దిగితే చిన్న రాళ్ల తీరం ఒకటుంది. పేరున్న బీచేమీ కాదు, ప్యాకేజీలో లేదు. ఆటు సమయం, నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. ఎదురుగా రాస్ దీవి. ఆ గులకరాళ్ల మధ్య మా అమ్మ, కుచ్చిళ్లు పైకి దోపుకుని, నడుం వంచి, నాటు వేసే మనిషి లెక్క ఏదో ఏరుతోంది.

"ఏం చేస్తున్నవే అమ్మా?"

"సీసపెంకులురా. ఇన్ని పెంకులు ఇట్ల పడేసుకుంటరా ఎవరన్న? పొద్దెక్కినంక పిల్లలొస్తరు, కాళ్లల్ల గుచ్చుకుంటయి."

అదీ సంగతి. వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి వచ్చి, మా ఇంటి నేల ఊడ్చినట్టు అండమాన్ తీరం ఊడుస్తోంది. కొంగులో అప్పటికే పదిహేనో ఇరవయ్యో పెంకులున్నాయి. గోధుమ రంగువి, ఆకుపచ్చవి, పాలు కలిపినట్టు తెల్లవి. నేను భయపడి, "చేయి కోసుకుంటది, పారెయ్" అన్నాను. ఆమె ఒక పెంకు తీసి అంచు మీద బొటనవేలు పెట్టి నడిపింది. గాజు తొడిగే ముందు చేతికి గీసుకుంటుందేమోనని ఎప్పుడూ చూసే చూపు అది. మళ్లీ నడిపింది. ఇంకో పెంకు తీసింది.

"ఏందిరా ఇది, కోస్తలేదు."

నేనూ పట్టుకున్నాను. నిజమే. సబ్బు బిళ్ల అరిగినట్టు అరిగిపోయి, మసకగా, చేతికి కొంచెం పొడిగా తగిలింది. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "దీని పొగరంతా దింపిన్రురా ఎవరో" అంది.

దింపింది సముద్రమే. సీసా పగిలి నీళ్లలో పడితే అలలు దాన్ని ఇసుక మీదా రాళ్ల మీదా దొర్లిస్తూనే ఉంటాయి. పదునైన అంచులు ముందు పోతాయి. మసక మాత్రం రాపిడి ఒక్కదానితోనే వచ్చేది కాదు. గాజులో ఉండే సోడా, సున్నం ఉప్పునీటిలోకి మెల్లగా జారిపోయి పైపొర మీద కంటికి కనిపించనంత చిన్న గుంటలు పడతాయి. దీనికి ఏళ్లు కాదు, దశాబ్దాలు పడుతుంది. మా తాత పడేసిన సోడా బుడ్డి మా మనవడి చేతికి అందేంత కాలం అనుకోండి.

ఇక్కడి నుంచి అమ్మ పని మారిపోయింది. అప్పటిదాకా ఊడ్చినట్టు ఏరింది. ఆ తర్వాత వెతకడం మొదలుపెట్టింది. గోధుమ రంగు పెంకులు కనిపించినా వదిలేస్తోంది. "నెమలికంఠం రంగుది దొరికితే చెప్పు" అని నాకు ఆర్డరు. పక్కన పడవకు తాడు కట్టుకుంటున్న ఒకాయన, "ఏటమ్మా, ఏటేరుతన్నావు?" అన్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబమట. అండమాన్‌లో తెలుగువాళ్లకు కొదవ లేదు. చూపిస్తే నవ్వి, "ఇవి ఇక్కడోళ్లెవురూ ముట్టుకోరమ్మా" అన్నాడు. నవ్వినవాడు వెళ్లే ముందు పడవ కింద వంగి ఒక నీలం ముక్క తీసిచ్చాడు. గోటంత. అమ్మ అప్పుడు చూసిన చూపు నేను కొనిపెట్టిన ఏ చీర మీదా చూడలేదు.

నీలం ఎందుకు అరుదంటే, ఆ రంగు ఎక్కువగా మందుల సీసాలకు వాడేవారు. సారా, బీరు సీసాలు గోధుమ, ఆకుపచ్చ, కాబట్టి అవే ఎక్కువ దొరుకుతాయి. ఎరుపు, నారింజ దొరికితే అదృష్టమే. ఒక మందపాటి నల్ల ముక్క రాయనుకుని పారేయబోయాను. ఎండకు ఎత్తి చూస్తే ముదురు ఆకుపచ్చ. పాతకాలం సీసాలు అట్లా ఉండేవి. 1858 నుంచి 1942లో జపాన్ వాళ్లు వచ్చేదాకా ఎదురుగా ఉన్న రాస్ దీవి మీదే బ్రిటిష్ వాళ్ల ఆఫీసులు, క్లబ్బు, విందులు అన్నీ. అన్నేళ్లు తాగిన సీసాలు ఎక్కడికి పోతాయి? ఆ ముక్క రాస్ నుంచే కొట్టుకొచ్చిందని నా గట్టి నమ్మకం. రుజువు అడగకండి.

నేను మాత్రం గోలీ కోసం వెతికాను. గోలీసోడా సీసా 1872లో ఇంగ్లండులో కాడ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నది. అక్కడి తీరాల్లో ఆ గోలీలు ఇప్పటికీ దొరుకుతాయి. చిన్నప్పుడు గోలీ కోసం సీసా పగలగొట్టి తన్నులు తిన్నవాణ్ని, సముద్రం ఊరికే ఇస్తుందేమోనని ఆశ. దొరకలేదు. ఇంగ్లండులోనే సీహామ్ అనే ఊళ్లో 1853 నుంచి 1921 దాకా సీసాల ఫ్యాక్టరీ నడిచింది, మిగిలిన గాజంతా సముద్రంలో పోశారు. ఒకే ముక్కలో రెండు మూడు రంగులుండే పెంకులకు ఆ తీరం పేరుపొందింది. అమెరికాలో ఫోర్ట్ బ్రాగ్ దగ్గర గ్లాస్ బీచ్ కూడా ఒకప్పటి చెత్తకుప్పే. జనం ఏరి ఏరి ఖాళీ చేస్తున్నారని ఇప్పుడు అక్కడ ఏరడం నిషేధం. చెత్తకు కాపలా పెట్టుకునే స్థితి వచ్చిందంటే ప్రశ్న అడిగినవారికి జవాబు సగం దొరికినట్టే.

మిగతా సగం ఆ తీరంలోనే ఉంది. పెంకుల పక్కనే ప్లాస్టిక్ సీసాలు, మూతలు, చెప్పులు. అవీ అలల్లోనే నలుగుతున్నాయి. కానీ నలిగినకొద్దీ పీలికలై ఇంకా వికారంగా తయారవుతున్నాయి. వాటిని ఎవరు కొంగున కట్టుకుంటారు? కొత్తగా పడే గాజు తగ్గిపోయింది, ఉన్నది అరిగి ఇసుకలో కలిసిపోతోంది. ఇంకో యాభై ఏళ్ల తర్వాత ఏరేవాళ్లకు ఏం దొరుకుతుందో చూడండి. గాజుల సంగతీ అంతే అయింది. ఇప్పుడు పెళ్లికి తప్ప మట్టి గాజులెవరు వేసుకుంటున్నారు? అంతా ప్లాస్టిక్కు, మెటలు. అమ్మ గంప దించింది వయసు మీద పడి కాదు, బేరం లేక.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో బ్యాగులు ఆపారు. అండమాన్ నుంచి గవ్వలు, శంఖాలు, పగడాలు ఏరుకుని తీసుకుపోకూడదు. మా మరదలు వద్దన్నా వినకుండా సోపు డబ్బాలో దాచిన గవ్వలు అక్కడే పెట్టించారు, సరైన పనే. అమ్మ మూట విప్పితే సెక్యూరిటీ ఆయన గాజు చూసి ముఖం ముడిచాడు. అమ్మకు భాష రాదు. ఒక పెంకు తీసుకుని ఆయన బొటనవేలు పట్టుకుని అంచు మీద నడిపించింది, గాజులు తొడిగేటప్పుడు చేయి పట్టుకున్నట్టే. ఆయన నవ్వి పంపించేశాడు.

ఇంటికొచ్చాక నాకు పిచ్చి పట్టి, అసలైన సముద్రపు గాజు అని రాసుంటే ఆన్‌లైన్‌లో మా అమ్మాయికి ఒక లాకెట్టు తెప్పించాను. అమ్మ చేతిలో పెట్టగానే "ఇది దొంగది" అంది. అంతటా ఒకే మసక, పిండి పూసినట్టు. నకిలీవి చేసేవాళ్లు కొత్త గాజు ముక్కల్ని యంత్రంలో దొర్లిస్తారు, లేదంటే ఫ్లోరిన్ ఉన్న యాసిడ్‌లో ముంచుతారు. గాజును తినేది అదే. ఫ్లోరిన్ పేరు వస్తే మా జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? ఆ యాసిడూ మా నీళ్లలోని ఫ్లోరైడూ ఒకటి కాదని నాకూ తెలుసు. కానీ నీళ్లలో ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ ఏం చేస్తుందో మర్రిగూడ దిక్కు మనుషుల్ని చూసినవాళ్లం. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి దాన్ని తీసే పద్ధతికి మా ఊరి పేరే, నల్గొండ టెక్నిక్ అని. "ఆ ఊళ్లల్ల ఆడోళ్ల చేతులు కట్టెల్లెక్క ఉండేవి, వేళ్లు ముడిస్తె ముడుచుకోవు, రెండు సైజులు పెద్దది తెచ్చినా గాజెక్కేది కాదు" అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. డాక్టర్ల కన్నా ముందు గాజులమ్మేవాళ్లకే ఆ జబ్బు తెలిసిందని నా అభిప్రాయం. ఆ లాకెట్టు మా అమ్మాయి వేసుకోలేదు, నేనూ బలవంతం చేయలేదు.

ప్రశ్నకు ఇది జవాబో కాదో నాకు తెలియదు. పోయేవాళ్లుంటే చెబుతున్నా. మెత్తటి ఇసుక బీచ్‌లో వెతక్కండి, గులకరాళ్లున్న చోట, పాత ఊరు దగ్గరున్న చోట వెతకండి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు పోండి. అక్కడ ఏరొచ్చో లేదో ముందే అడగండి. గవ్వల జోలికి పోకండి. దొరికిన పెంకు ఇంకా కోస్తుంటే చెత్తబుట్టలో వేయండి. కొందరు అట్లాంటివి "ఇంకా పండలేదు" అని తిరిగి సముద్రంలోకి విసురుతారట. ఆ మాట అమ్మకు చెబితే, "ఆళ్ల పిల్లల్నే చెప్పుల్లేకుంట అక్కడ నడవమను" అంది.