కొత్త డైరెక్టర్ వచ్చారు, మన కాగితం కదులుతుందా?

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖలో అధికారి మారినప్పుడల్లా మాకు ఇవే ప్రశ్నలు వస్తాయి. శాలువాలు, బొకేల హడావుడి అయ్యాక మిగిలే ప్రశ్నలివి.

ప్ర: మా సంఘం కొత్త డైరెక్టర్‌కు 14 డిమాండ్లతో వినతిపత్రం సిద్ధం చేసింది. పీఆర్సీ (వేతన సవరణ), డీఏ (కరువు భత్యం) బకాయిలు, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) మినహాయింపు, పదోన్నతులు, యాప్‌ల భారం అన్నీ రాశాం. ఇందులో ఆయన చేతిలో ఉన్నవెన్ని?
- సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్జీటీ), పల్నాడు జిల్లా

జ: సగం కూడా లేవు. పీఆర్సీ, డీఏ ఆర్థిక శాఖ జీవోతోనే తేలాలి. టెట్ సంగతి ఇంకా పైది. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలిన టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని, అంతకంటే తక్కువ సర్వీసు ఉన్నవాళ్లు కొనసాగవచ్చు గానీ పదోన్నతి కావాలంటే టెట్ తప్పదని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని ఏ డైరెక్టరూ మెమోతో తీసేయలేరు. బదిలీలకు 2025లో చట్టమే వచ్చింది కాబట్టి నిబంధనలు మార్చమని ఆయన్ని అడిగి లాభం లేదు. షెడ్యూలు తేదీల గురించైతే అడగవచ్చు.

ఆయన సంతకంతో మారేవి రోజూ పంపే రిపోర్టులు, శిక్షణ తేదీలు, సీనియారిటీపై జిల్లాలకిచ్చే వివరణలు. యాప్‌ల గురించి ‘భారం తగ్గించండి’ అని రాస్తే ‘పరిశీలిస్తాం’ అనే జవాబొస్తుంది. అదే ఫలానా వివరం ఇప్పటికే ఒక యాప్‌లో ఉంది, రెండోదాంట్లో మళ్లీ అడుగుతున్నారు అని రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి ఇవ్వండి. దానికి జవాబు తప్పించుకోవడం కష్టం.

పదోన్నతుల్లో ఎస్జీటీ నుంచి స్కూల్ అసిస్టెంటుకు డీఈఓ (జిల్లా విద్యాధికారి), అక్కణ్నుంచి గెజిటెడ్ హెచ్ఎంకు (ప్రధానోపాధ్యాయుడు) ఆర్జేడీ (ప్రాంతీయ సంయుక్త సంచాలకులు) ఉత్తర్వులిస్తారు. జాబితాలో ఎక్కువగా దొర్లే తప్పు ఒకటుంది. ఒకే డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) వాళ్లకు సీనియారిటీ సెలక్షన్ ర్యాంకును బట్టి రావాలి, చేరిన తేదీని బట్టి కాదు. ఆన్‌లైన్ వివరాల్లోంచి చేరిన తేదీ తీసుకుని వరస కట్టేస్తే వెనక ర్యాంకువాళ్లు ముందుకొస్తారు. అభ్యంతరానికి సెలక్షన్ లిస్టు నకలు, సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ జతచేసి గడువులోపే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. గడువు దాటాక డైరెక్టర్ దాకా వెళ్లినా కాగితం తిరిగి డీఈఓ బల్ల మీదికే వస్తుంది.

ప్ర: నేరుగా డైరెక్టర్‌ను కలిసి అర్జీ ఇస్తే పని తొందరగా అవుతుందా?
- స్కూల్ అసిస్టెంట్, విజయనగరం జిల్లా

జ: ఫొటో తొందరగా వస్తుంది. కాగితం మాత్రం తపాల్లోకి (ఆఫీసుకొచ్చే కాగితాలు తీసుకునే చోటికి) వెళ్లి, అక్కణ్నుంచి సెక్షన్‌కు చేరుతుంది. సెక్షన్లు విషయాల వారీగా ఉంటాయి. ఒక అర్జీలో మూడు విషయాలుంటే ఏ సెక్షన్‌దో తేలక అది ఎక్కడో ఆగుతుంది. అందుకే ఒక కాగితంలో ఒకే విషయం రాయండి, అదీ ఒక పేజీలో. పైన ‘విషయం’, దాని కింద ‘సూచిక’. సూచికలో జీవో లేదా ప్రొసీడింగ్స్ నంబరు, తేదీ ఉండాలి. కింద అడిగేది ఒక్క వాక్యంలో చెప్పండి. ‘న్యాయం చేయగలరు’ అంటే చాలదు, ‘నా పేరు ఫలానా క్రమసంఖ్య తర్వాత చేర్చమని డీఈఓను ఆదేశించగలరు’ అని రాయాలి. అసలు కాగితం హెచ్ఎం, ఎంఈఓ (మండల విద్యాధికారి), డీఈఓల మీదుగా పంపి, అడ్వాన్స్ కాపీ (ముందస్తు నకలు) మాత్రమే డైరెక్టర్ చేతికివ్వండి. డీఈఓ రిమార్కులు లేకుండా వెళ్తే మొదట జరిగేది రిమార్కుల కోసం వెనక్కి రావడమే. ఈ-ఆఫీస్ నంబరు (ఆన్‌లైన్ ఫైలు నంబరు) అడిగి రాసుకోండి.

నెల దాటినా కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఆ ఫైలు నోట్ నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ‘ఎందుకు ఆలస్యం’ అని అడిగితే అది సమాచారం కాదని తోసేస్తారు.

ప్ర: మా బడిలో 29 మంది పిల్లలు. కొత్తాయన వస్తే పక్క ఊరి బడిలో కలిపేస్తారని భయంగా ఉంది. ఏం చేయాలి?
- పాఠశాల కమిటీ చైర్మన్, ప్రకాశం జిల్లా

జ: ఎవరొచ్చినా చూసేది యూడైస్ (బడులు, పిల్లల వివరాల జాతీయ ఆన్‌లైన్ లెక్క) అంకెలు, దూరం. విద్యాహక్కు నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి. దారిలో వాగు, హైవే, రైలు పట్టాలు ఉంటే కమిటీ తీర్మానంలో రాసి, ఫొటోలు పెట్టి ఎంఈఓకు ముందే ఇవ్వండి. విలీనం ఉత్తర్వు వచ్చాక చేసే ధర్నా కన్నా ఇది బలమైన కాగితం.

ఇంకోటి. యూడైస్ లెక్కకు ప్రామాణిక తేదీ సెప్టెంబరు 30. సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకు ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు 30 మంది వరకు 10,000 రూపాయలు, 31 నుంచి 100 మంది వరకు 25,000. అంటే ఇద్దరు పిల్లలతో 15,000 తేడా. ఊళ్లోకి కొత్తగా వచ్చిన కుటుంబాల పిల్లల్ని చేర్చుకుని, పాత బడి రికార్డు నుంచి వాళ్ల పేరు డ్రాప్‌బాక్స్‌లోకి (యూడైస్‌లో బడి వదిలిన పిల్లల జాబితా) వచ్చిందో లేదో ఆ తేదీకి ముందే చూడండి. అది రాకపోతే పిల్లవాడు మీ బల్ల మీద కూర్చున్నా లెక్కలో పాత బడిలోనే ఉంటాడు.

ప్ర: ప్రైవేటు బడి ఒకటో తరగతికి డొనేషన్ అడుగుతోంది. డైరెక్టర్‌కు రాయాలా?
- ఒక తల్లి, విజయవాడ

జ: ముందు డీఈఓకు రాయండి. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ క్యాపిటేషన్ ఫీజును (చేర్చుకోవడానికి ఫీజు కాక అదనంగా తీసుకునే డబ్బు) నిషేధించింది, తీసుకున్నదానికి పది రెట్ల వరకు జరిమానా ఉంది. చేర్చుకోవడానికి పిల్లలకో తల్లిదండ్రులకో పరీక్ష పెట్టినా మొదటిసారి 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు వేయవచ్చు. చిక్కల్లా రసీదు దగ్గరే. డొనేషన్‌కు రసీదు ఇవ్వరు. కాబట్టి నగదు ఇవ్వొద్దు, బడి ఖాతాకు చెక్కు ఇస్తామనండి. ఎంత, దేనికి అని వాట్సాప్‌లో అడిగి జవాబు దాచుకోండి.