తిండి మార్చుకున్నారు సరే, పాలసీ ఎందుకు వదిలేశారు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎమ్వీపీ కాలనీ. నాకు 36 ఏళ్ళు. రుషికొండలో ఐటీ ఉద్యోగం, చేతికి 58,000 వస్తుంది. మా వారికి 41. గాజువాకలో ఒక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్, జీతం 34,000. ఎనిమిదేళ్ళ పాప ఉంది. ఎనిమిది నెలలుగా నేను, పాప పాలు, గుడ్లు, మాంసం అన్నీ మానేసి పూర్తిగా వీగన్‌గా ఉంటున్నాం. మా వారు ఆదివారం చేపలు తప్ప మిగతావన్నీ మానేశారు. ఒళ్ళు తేలికపడింది, ఇన్నాళ్ళలో ఆసుపత్రి గడప తొక్కలేదు. అందుకే నవంబరు 9న రెన్యువల్ చేయాల్సిన ఫ్యామిలీ హెల్త్ పాలసీ కట్టలేదు. ఆ 24,600 వీగన్ సరుకులకు పనికొస్తుందనుకున్నాను. ఎలాగూ మా ఆఫీసు ఇన్సూరెన్స్ 3 లక్షలకు ఉంది. మార్చిలో ఉద్యోగం మానేసి ఇంట్లోనే వీగన్ పెరుగు, స్వీట్లు చేసి అమ్మాలని ఉంది. ఒక యాప్ నెలకు 2 శాతం వడ్డీకి 4 లక్షలు ఇస్తానంటోంది. ఇంటి ఖర్చు నెలకు 61,000, బ్యాంకులో 70,000 ఉన్నాయి. అప్పు తీసుకోవచ్చా?

జవాబు: పైన కుదించి ఇచ్చిన ఈ ఉత్తరం నవంబరు 24న వచ్చింది. అచ్చయ్యే దాకా ఆగితే పుణ్యకాలం కాస్తా దాటిపోతుందని ఆ రాత్రే ఆవిడకు విడిగా మెయిల్ పెట్టాను. అయినా ఇక్కడ రాస్తున్నానంటే కారణం ఉంది. యోగా మొదలుపెట్టినవాళ్ళు, బీచ్ రోడ్డులో రోజూ ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్ళు, సిగరెట్ మానేసినవాళ్ళు కూడా సరిగ్గా ఇదే తప్పు చేస్తున్నారు. "ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాం కదా, పాలసీ దేనికి?" అంటారు. ఈ ఒక్క మాట విన్నప్పుడల్లా నాకు గుండె జారిపోతుంది.

అమ్మా, ముందుగా ఒక మాట. మీరు వీగన్ ఎందుకయ్యారో ఉత్తరంలో రెండు పేజీలు రాశారు. చోడవరం దగ్గర మీ అమ్మమ్మగారి ఊళ్ళో, చచ్చిపోయిన దూడ తోలులో గడ్డి కూరి, దాన్ని గేదె ముందు నిలబెడితే ఆ గేదె దాన్ని నాకుతూ చేపు వదలడం చూశానని రాశారు. ఆ రోజు నుంచి పాల గ్లాసు చేతిలోకి తీసుకోలేకపోయానన్నారు. చదివాక నేనూ కాసేపు మాట్లాడలేకపోయాను. పాపకు పాలు పడక కడుపు ఉబ్బరంగా ఉండేదని, పశువుల నుంచి వెలువడే మీథేన్ గురించి కూడా చదివానని రాశారు. ఇవన్నీ మనసుతో తీసుకున్న నిర్ణయాలు. వాటిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా పేచీ అంతా నవంబరు 9తోనే.

మీ పాలసీ 2020 నవంబరులో, కోవిడ్ భయంలో తీసుకున్నది. అంటే మొన్నటికి సరిగ్గా ఐదేళ్ళు నిండాయి. ఐదేళ్ళు ఆపకుండా కట్టిన పాలసీలో, మోసం అని రుజువైతే తప్ప, "మీరు అప్పట్లో ఫలానా జబ్బు చెప్పలేదు" అని కంపెనీ క్లెయిమ్‌కు అడ్డం పడటానికి వీల్లేదు. మీ వారికి ఆరేళ్ళుగా షుగర్ ఉంది. పాలసీ తీసుకున్నప్పుడే చెప్పారు, వెయిటింగ్ పీరియడ్ (ముందే ఉన్న జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) కూడా ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు వదిలేసి రేపెప్పుడో కొత్త పాలసీ తీసుకుంటే షుగర్‌కూ దానివల్ల వచ్చే కిడ్నీ, గుండె, కంటి సమస్యలకూ మళ్ళీ మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. ఆ కొత్త పాలసీ అసలు ఇస్తారన్న నమ్మకం కూడా లేదు. 41 ఏళ్ళ షుగర్ మనిషిని 35 ఏళ్ళ మనిషిని చూసినట్టు ఏ కంపెనీ చూడదు. ఐదేళ్ళు కట్టి సంపాదించుకున్నది, చేతికందిన రోజునే వదిలేశారు.

ఏడాదికోసారి కట్టే పాలసీకి గడువు దాటాక 30 రోజుల గ్రేస్, అంటే ఆలస్యంగా కట్టుకునే వెసులుబాటు ఉంటుంది. అంటే డిసెంబరు 9 దాకా. ఆలోపు కడితే ఐదేళ్ళ లెక్క తెగదు. కానీ గ్రేస్ అంటే కవర్ ఉన్నట్టు కాదు. నవంబరు 9 నుంచి మీరు డబ్బు కట్టే రోజు వరకు ఏం జరిగినా ఆ పాలసీ నుంచి పైసా రాదు. అందుకే "ఇంకా రెండు వారాలు ఉంది కదా" అనుకోవద్దని మెయిల్‌లో రాశాను. పోయినసారి మీరు కట్టిన 24,600లో 18 శాతం జీఎస్టీ ఉంది. వ్యక్తిగత, ఫ్యామిలీ హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తీసేశారు. కంపెనీ రేటు పెంచకపోయి ఉంటే ఇప్పుడు కట్టాల్సింది సుమారు 20,850 మాత్రమే. పోయినేడాది రేటు గుర్తుపెట్టుకుని భయపడి మానేసినవాళ్ళు మీ ఒక్కరే కాదు.

ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది కదా అన్నారు. మార్చిలో ఉద్యోగం మానేస్తే అదీ పోతుంది. ఏప్రిల్‌లో మీ ఇంట్లో ముగ్గురికీ ఏ కవరూ ఉండదు. ఉత్తరంలో ఆ రెండు విషయాలూ వేర్వేరు పేరాల్లో ఉన్నాయి, అందుకే మీకు కనపడలేదేమో.

నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన సంగతి చెబుతాను. పుట్టుకతో శాకాహారి, ఆర్కే బీచ్‌లో సూర్యోదయం చూడని రోజు లేదు. నేను మూడేళ్ళు చెప్పినా "నాకేంటండీ జబ్బు" అంటూ పాలసీ తీసుకోలేదు. ఓ వర్షాకాలం డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఆరు రోజులు ఐసీయూలో ఉన్నారు. బిల్లు 2 లక్షల 80 వేలు. భార్య గాజులు, కూతురి పెళ్ళికి దాచిన గొలుసు తాకట్టులోకి వెళ్ళాయి. ఆయన తిన్న తిండిలో లోపమేమీ లేదు. దోమ కుట్టింది, అంతే. మద్దిలపాలెం జంక్షన్‌లో బండి జారినా, అపెండిక్స్ పగిలినా ఇంతే. మీరు పాలు మానేసిన సంగతి వాటికి తెలియదు.

పైగా వీగన్ తిండికి దానిదైన జాగ్రత్త ఒకటుంది. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు. ఎదిగే పాప ఉంది కాబట్టి డాక్టరు చెప్పిన మోతాదులో బి12, ఏడాదికోసారి రక్త పరీక్ష తప్పనిసరి. మామూలు హెల్త్ పాలసీలు ఈ మాత్రలకు, టెస్టులకు ఇవ్వవు. నెల ఖర్చులో వీటికి ఒక గీత గీసి పెట్టుకోండి.

ఇక సరుకుల లెక్క. ఇదివరకు పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు, చేపలకు నెలకు 5,400 అయ్యేదని, ఇప్పుడు 9,200 అవుతోందని రాశారు. నెలకు 3,800 ఎక్కువ, ఏడాదికి 45,600. పాలసీ ప్రీమియంకు రెండింతలు! మీరు పంపిన బిల్లులు చూశాను. బాదం డ్రింకు ప్యాకెట్లు, వీగన్ చీజ్, మాంసంలా ఉండే ఫ్రోజెన్ ముక్కలు ఉన్నాయి. ఇవి వీగన్ తిండి కాదని అనను. కానీ మన తిండిలో సగం పుట్టుకతోనే వీగన్. కందిపప్పు, గోంగూర, ఆవకాయ, చోడి అంబలి, ఉలవచారు, కొబ్బరి పచ్చడి వీటిలో దేనికి పాలు కావాలి? మీరే రాశారు కదా, వేరుశెనగలు నానబెట్టి, రుబ్బి, వడగట్టి కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేస్తే తెల్లారేసరికి పెరుగు తోడుకుంటుందని. రైతు బజారులో కొన్న వేరుశెనగతో ఇంట్లో తోడుకునే పెరుగు ఉండగా నెలనెలా ప్యాకెట్ల మీద అంత డబ్బు దేనికి? ప్యాకెట్లు సగానికి తగ్గించినా ప్రీమియం అక్కడే దొరుకుతుంది.

అప్పు మాట. వద్దు. నెలకు 2 శాతం అంటే ఏడాదికి 24 అనుకుంటారు. ఈ యాప్ మీకు పంపిన లెక్కలో వడ్డీ తగ్గే అసలు మీద కాదు, మొదటి నెల నుంచి చివరి నెల దాకా మొత్తం 4 లక్షల మీద. 36 నెలలు నెలకు 19,111 చొప్పున కట్టాలి. వడ్డీయే 2,88,000. నిజమైన వడ్డీ రేటు లెక్క తీస్తే ఏడాదికి 39 శాతం పైమాటే. అదీ ప్రాసెసింగ్ ఫీజు కలపకుండా. అప్పు ఇచ్చేవాళ్ళు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును ముందే రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మీకు ఆ కాగితం వచ్చిందా? మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. మీరు ఉద్యోగం మానేశాక ఇంటికి వచ్చేది 34,000. అందులో 19,111 పోతే మిగిలేది 14,889. మీ ఖర్చు 61,000. ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఇలాంటి అప్పుల మీద నాకు ఓపిక నశించింది, క్షమించండి.

వ్యాపారం చేయవద్దని అనడం లేదు. ఉద్యోగంలో ఉంటూనే శని, ఆదివారాల్లో మీ అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్ళకు పెరుగు ఇచ్చి చూడండి. ఆరు నెలలు ఆ పది ఇళ్ళూ మళ్ళీ మళ్ళీ అడిగితే అప్పుడు మాట్లాడుకుందాం. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బా మీద వీగన్ లోగో వేసుకోవాలంటే 2022 నాటి నిబంధనల ప్రకారం అనుమతి కావాలి. డబ్బా మీద "పెరుగు" అని రాయడం కూడా కుదరదు, ఆ పేరు పాల ఉత్పత్తులకే. గ్రైండర్ వంటివి కొనాల్సి వస్తే బ్యాంకులో చిన్న వ్యాపారాలకు ఇచ్చే ప్రభుత్వ ముద్ర రుణాల్లో శిశు పథకం కింద 50,000 వరకు అడగవచ్చు.

బ్యాంకులో ఉన్న 70,000 మీ ఇంటికి నెల ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మీరు ఇక్కడే ఉన్నారుగా. కరెంటు లేక, ఏటీఎంలు పనిచేయక, పాల ప్యాకెట్ కోసం జనం క్యూ కట్టిన రోజులు గుర్తుండే ఉంటాయి. కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన పడ్డాకే రాజీనామా గురించి ఆలోచించండి. సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టేవి), బంగారం గురించి కూడా అడిగారు. ఇప్పుడున్నవి కొనసాగించండి, కొత్తవి వద్దు. పాప కోసం మీ ఇద్దరి పేరా టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) మాత్రం ఈ ఏడాదే తీసుకోండి.

ఇది రాస్తుండగా ఆవిడ జవాబు వచ్చింది. 26న ప్రీమియం కట్టేశారు, రసీదు పంపారు. సంతోషం. కొత్త పాలసీ పత్రం రాగానే అందులో మొదటి పాలసీ తేదీ 2020 నవంబరు అనే ఉందా, మీ వారి షుగర్ వివరం అలాగే ఉందా అని చూసుకోండి. తేడా ఉంటే ఆ వారంలోనే రాతపూర్వకంగా సరిచేయించుకోండి. అప్పు యాప్ ఇంకా ఫోన్లోనే ఉందన్నారు. కాంటాక్టులకు, ఫొటోలకు ఇచ్చిన అనుమతులు ముందు రద్దు చేయండి, అప్పు వద్దని వాళ్ళకు మెయిల్ పెట్టండి, ఆ తర్వాత యాప్ తీసేయండి. ఇది ఈ రోజే జరగాలి.