అమ్మానాన్నలను బెంగళూరుకి పిలిపించుకునే ముందు

కొత్తగా వచ్చిన మన పిల్లలు నన్ను అద్దె అడ్వాన్సు గురించి, స్కూలు సీట్ల గురించి అడుగుతుంటారు. పెద్దవాళ్ళకు ఒక్కసారిగా మూత్రం ఆగిపోతే ఏం చేయాలన్న సంగతి మాత్రం ఎవరూ అడగరు.

పోయిన చలికాలం కడప నుంచి మా మామగారు మారతహళ్ళిలో మా ఇంటికి వచ్చారు. జలుబు చేస్తే మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్రలు రెండు రోజులు వేసుకున్నారు. రాత్రి రెండింటికి బాత్రూమ్ తలుపు తీస్తున్నారు, వేస్తున్నారు. నాతో చెప్పడానికి సిగ్గుపడి, చివరికి మా ఆవిడతో "ఒంటికి రావట్లేదమ్మా" అన్నారు. బొడ్డు కింద ఉబ్బి, చెయ్యి పెడితే గట్టిగా తగిలింది. నేను తెలియక బార్లీ నీళ్ళు తాగించాను. అలా ఎప్పుడూ చేయకండి. దారి మూసుకున్నప్పుడు నీళ్ళు తాగిస్తే బాధ ఇంకా పెరుగుతుంది.

ఎమర్జెన్సీలో మొట్టమొదట మత్తు జెల్లీ వేసి, మూత్రనాళంలోంచి క్యాథెటర్ అనే సన్నటి పైపు పెట్టారు. బ్యాగులోకి 900 మిల్లీలీటర్లు దిగింది. 400, 500 దగ్గరే మనకు ఆపుకోవడం కష్టమవుతుంది, ఆయన ఎంత ఓర్చుకున్నారో చూడండి. పది నిమిషాల్లో ముఖం తేటపడింది. కొందరికి ఆ దారిన పైపు వెళ్ళదు, అప్పుడు పొత్తికడుపు దగ్గర చిన్న రంధ్రం చేసి పెడతారు.

పెద్ద వయసు మగవాళ్ళలో ఎక్కువగా ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపే కారణం. జలుబు మాత్రల్లో ఉండే ఫెనిలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ మందులు ఆ ఇబ్బందిని ముదరబెట్టి మూత్రం ఒక్కసారిగా ఆగిపోయేలా చేయొచ్చు. మలబద్ధకం, ఇన్ఫెక్షన్, రాయి, షుగర్ వల్ల కూడా ఇలా కావచ్చు, ఆడవాళ్ళకు కూడా. నడుం నొప్పితో పాటు కాళ్ళు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి. అది వెన్నుపూస దగ్గర నరాలు నలిగిన గుర్తు కావచ్చు.

మామగారికి టామ్సులోసిన్ అనే, మూత్రం దారిని వదులు చేసే మాత్ర మొదలుపెట్టి, మూడో రోజు పైపు తీశారు. మూత్రం రాలేదు. మళ్ళీ వేసి వారం తర్వాత తీస్తే వచ్చింది. అప్పుడూ రాకపోతే టీయూఆర్‌పీ (మూత్రం దారిలోంచే ప్రోస్టేట్‌ని కొంత తొలగించే ఆపరేషన్) గానీ లేజర్ గానీ చేస్తామన్నారు. టామ్సులోసిన్‌తో కళ్ళు తిరగొచ్చు, మంచం మీంచి నెమ్మదిగా లేవమనండి. పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం చేసే రక్తపరీక్ష)కి తొందరపడకండి, ఆ రోజుల్లో ఊరికే ఎక్కువ చూపిస్తుంది.

ప్రభుత్వ వైద్యం కావాలంటే విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోనే నెఫ్రో యూరాలజీ సంస్థ ఉంది. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. కన్నడం రాకపోయినా నర్సుతో "మూత్ర బర్తా ఇల్ల" అనండి, చాలు. వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ, జలుబువి కూడా, ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి. తెల్లారాక చూద్దాంలే అని పెద్దాయన అన్నా వినకండి.