వెంకటేశ్వర్లు గారి పేరు మనవరాలికి ఎలా పెట్టాలి?

మీ మామగారు వెంకటేశ్వర్లు గారు పోయిన ఆరు నెలలకి పాప పుట్టింది. ఆయన పేరు నిలబెట్టాలని ఇంట్లో అందరికీ ఉంది. అత్తగారు 'వెంకటేశ్వరమ్మ' అంటున్నారు, మీ ఆయన వద్దంటున్నారు, మరి ఏ పేరు పెట్టాలని మీరు అడిగారు. ఇదే రభస మా ఇంట్లోనూ తొమ్మిదేళ్ల క్రితం జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మా నాన్న పేరు సాంబశివరావు, మాది తెనాలి. మా పాప కడుపులో ఉండగానే ఆయన పోయారు. మగపిల్లాడైతే గొడవ లేదు, సాంబశివ అని పెట్టి వెనక ఏ తేజో తగిలించేవాళ్లం. పుట్టింది ఆడపిల్ల. ఇరవై ఒకటో రోజున బారసాల పెట్టుకున్నాం, ఇరవయ్యో రోజు దాకా పేరు తేలలేదు. మా పిన్ని 'సామ్రాజ్యం' పెట్టమంది. మా వైపు దాన్ని సాంబ్రాజ్యం అనే పలుకుతారు, అందులో సాంబ వచ్చేసినట్టే కదా అని ఆవిడ లెక్క! తమ్ముడు ఫోన్లో వెతికి 'శాంభవి' అన్నాడు. అందరం సరేనన్నాక మా మేనమామ అడ్డుపడ్డాడు. ఆయన సంస్కృతం మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. శాంభవి వచ్చింది శంభు అనే పేరు నుంచట, దానికీ మా నాన్న పేరుకీ చుట్టరికం లేదట. సాంబశివుడంటే స-అంబ-శివుడు, అంటే అమ్మవారితో కలిసి ఉన్న శివుడు. "మీ నాన్న పేర్లోనే ఆడపేరు కూర్చుని ఉంటే ఊరంతా వెతుకుతారేంటే?" అన్నాడు. అలా మా పాప అంబిక అయింది.

ఆ రోజు ఆయన చెప్పిన ఇంకో సంగతి మీకు పనికొస్తుంది. సంస్కృతంలో మగపేరుని ఆడపేరుగా మారిస్తే చాలాసార్లు అది భార్య పేరవుతుంది. భవుడి భార్య భవాని, రుద్రుడి భార్య రుద్రాణి, ఇంద్రుడి భార్య ఇంద్రాణి. కూతురి వరస కావాలంటే దారి వేరు. జనకుడి కూతురు జానకి, ద్రుపదుడి కూతురు ద్రౌపది. పేరు మొదట్లో అచ్చు సాగిపోవడం గమనించండి. అసలు ఇప్పుడు ఎవరు చూస్తారు ఇవన్నీ అంటారా, చూడరు. కానీ తాతగారి పేరని పెట్టాక, నామకరణం రోజున ఎవరో పెద్దాయన ఇది ఆయన భార్య వరస అవుతుందని అంటే అందరి మొహాలూ మాడిపోతాయి.

మన తెలుగు వాడుకలో ఈ తలనొప్పి లేదు. నాగయ్య పక్కన నాగమ్మ, వీరయ్య పక్కన వీరమ్మ. ఆ అమ్మ భార్యా కాదు, కూతురూ కాదు, మామూలు మర్యాద. కాకతీయులు చేసిందీ ఇదే. వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు గణపతిదేవుడికి పెదతండ్రి. ఆ రుద్ర అనే పేరే గణపతిదేవుడి కూతురికి వచ్చి రుద్రమ అయింది (శాసనాల్లో ఆమెని రుద్రదేవ మహారాజు అని మగపేరుతోనే రాయించడం వేరే కథ). ఇంకో కూతురు గణపాంబ, అచ్చంగా తండ్రి పేరే. ఆడపిల్లకి ఇంట్లోని మగపేరు ఇవ్వడం కొత్త ఫ్యాషనేమీ కాదని మీ ఆయనకి చెప్పండి.

ఇక మీ మామగారి పేరు. వేంకటం కొండ పేరు, ఈశ్వరుడు దాని ప్రభువు. చివర 'లు' మనం గౌరవానికి పెట్టుకున్న బహువచనం, దాన్ని వదిలేయొచ్చు. వెనక సగం తీసుకుంటే ఈశ్వరి, చిన్నగా బాగుంటుంది. కాకపోతే ఈశ్వరి అనగానే జనానికి పార్వతి గుర్తొస్తుంది, వెంకన్న గుర్తురాడు. వెంకటలక్ష్మి అందరికీ తెలిసిందే, మీ ఆయన దానికీ మొహం ముడుస్తారేమో. పద్మావతి, అలమేలు అంటే మళ్లీ ఆ భార్య వరసే, నేనైతే వద్దంటాను. మీ అత్తగారు అన్న పేరుకి దగ్గరగా ఉండి కాస్త అందంగా వినపడేది వెంగమాంబ (వెంకమాంబే పలుకుబడిలో అలా మారింది). పాతగా ఉందని కొట్టిపారేయకండి. తిరుమలలో మనందరం భోంచేసే అన్నప్రసాద కేంద్రం వెంకన్న భక్తురాలు, కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు మీదే ఉంది. స్కూల్లో పిల్లలు ఏడిపిస్తారనుకుంటే రికార్డుల్లో 'వెంగమాంబ ఈశ్వరి' అని రాయించి ఈశ్వరి అని పిలుచుకోండి. నా ఓటు దీనికే.

నక్షత్రం అక్షరం కలవలేదని టెన్షన్ పడకండి. మేము బియ్యంలో ముందు జన్మనామం రాసి, దాని కింద పిలిచే పేరు రాశాం. సర్టిఫికెట్‌కీ తొందర లేదు. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ పేరు లేకుండా కూడా చేస్తారు. 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే ఫీజు ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుము కట్టి చేర్పించొచ్చు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ మాత్రం ఇంట్లో కాగితం మీద రాసుకుని వెళ్లండి. మేము నోటితో చెప్పాం. అంబిక చివర వాళ్లు ఒక 'ఏ' ఎక్కువ రాశారు, అది మార్పించడానికి నాలుగుసార్లు తిరిగాం.

ఇవన్నీ కాకముందు మీ అత్తగారిని ఒకటి అడగండి. వెంకటేశ్వరమ్మ అని పెడితే ఆవిడ పిలవగలరా? మా అమ్మ నలభై నాలుగేళ్ల కాపురంలో నాన్న పేరు ఒక్కసారి కూడా పలకలేదు. రేషన్ కార్డు వాళ్లు అడిగినా నా వైపు చూసేది. సాంబ అనే రెండక్షరాలు మనవరాలి పేర్లో ఉండి ఉంటే దాన్ని కూడా 'ఇదిగో' అనే పిలిచేది. అంబిక కాబట్టి ఇప్పుడు వీధి చివరికి వినపడేలా పిలుస్తోంది.