పదకొండు బలహీనతలు రాసిన తమ్ముడికి

సందేహం: అక్కా, మాది కోనసీమలో ముక్తేశ్వరం దగ్గర. టెక్సస్‌లో ఎమ్మెస్ రెండో సెమిస్టర్ అయింది. యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌లో స్వాట్ అనాలసిస్ రాసుకు రమ్మన్నారు, అంటే మన బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు నాలుగు గళ్లలో రాసుకోవడం. బలాల గడిలో మూడు ముక్కలు పడ్డాయి, బలహీనతల గడిలో పదకొండు. వీసా, యాస, అప్పు, ఇంకా ఏవేవో. చదివేకొద్దీ గుండె జారిపోతోంది. ఇది రాస్తే ఏం లాభం?

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్న అంబాజీపేట దగ్గర మా ఇంటి అరుగు మీద కూర్చుని చదివాను. డాలస్ వెళ్లి పంతొమ్మిదేళ్లయినా వేసవికి ఇక్కడికి రావడం మానలేదు. ఇప్పుడు కాలువలు కట్టేసి ఉన్నాయి. నీళ్లు పారేటప్పుడు కనపడని పూడిక, విరిగిన మెట్లు, గట్టు కోసుకుపోయిన చోట్లు అన్నీ బయటపడ్డాయి. నువ్వు రాసిన కాగితం కూడా నాకు అలాగే అనిపించింది. చూడగానే బెంగ పుడుతుంది. కానీ పూడిక తీయాలంటే ఇదే సమయం.

నీ కాగితంలో అసలు పొరపాటు ఒకటుంది. స్వాట్‌లో బలాలు, బలహీనతలు మనలో ఉండేవి. అవకాశాలు, ముప్పులు బయటివి. నువ్వు బయటివాటిని కూడా లోపలికి లాక్కుని నీ నెత్తిన వేసుకున్నావు. కొత్తగా వచ్చిన మన పిల్లల్లో చాలామంది ఇదే చేస్తారు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను నువ్వు పుట్టకముందుది, ఇంట్లో అడుగు, చెబుతారు. మా తోటలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. మా నాన్నగారు ఆ చెట్ల గురించి ఒక్కసారి కూడా తనను తాను నిందించుకోలేదు. కానీ తుపాను వెలిసిన వారానికి కూడా మా చేలో నీళ్లు లాగలేదు. కోతకొచ్చిన వరి నీళ్లలోనే మొలకెత్తింది. మురుగు బోదె నిండా గుర్రపుడెక్క. ఆయన గట్టు మీద నిలబడి, "గాలివాన మన చేతిలో లేదమ్మా, ఈ బోదె మాత్రం నేను తీయించలేదు" అన్నారు. ఆ మాటలో ఏది ఏ గడిలోకి వెళ్లాలో ఉంది. తుపాను ముప్పు. బోదె బలహీనత.

ఇప్పుడు నీ పదకొండూ తీసుకో. వీసా నీ బలహీనత కాదు, ముప్పుల గడిలోకి వెళ్లాలి. అక్కడ కూడా "వీసా భయం" అని రాయకు, లెక్క రాయి. చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సయితే దరఖాస్తు చేసుకుంటే ఇంకో 24. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేని రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉండగా ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి గడువు మహా అయితే 60 రోజులు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లి, నీ తేదీలు అడిగి రాసుకో. తేదీ వేశాక అది చేయాల్సిన పనిలా కనిపిస్తుంది. భయంగా ఉన్నంతసేపూ మింగుడుపడదు.

అప్పు కూడా ముప్పే. యాస మాత్రం సగం సగం. నువ్వు గబగబా మాట్లాడటం వల్ల ఎదుటివాళ్లకు అందకపోతే అది నీ గడి, నెమ్మదిస్తే సరిపోతుంది. ఎదుటివాళ్లకు వినే ఓపిక లేకపోతే అది నీ లోపం కాదు.

బలాల దగ్గర నువ్వు రాసిన మూడూ, కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను, అందరితో కలిసిపోతాను, కొట్టెయ్. మా పెద్దమ్మ మనవడు కూడా కిందటేడు ఇవే రాసుకొచ్చాడు. ఎప్పుడు కష్టపడ్డావురా అని అడిగితే నీళ్లు నమిలాడు. కాసేపటికి, "పిన్నీ, ఇంటర్ సెలవుల్లో తోటలో కొబ్బరి దింపు లెక్కలు నేనే చూశాను" అన్నాడు. దింపినవాళ్లు చెప్పిన కాయలకీ, వలుపు దగ్గర తేలిన కాయలకీ పొంతన కుదరడం లేదని గమనించి, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, తేడా ఏ రోజుల్లో వస్తోందో పట్టుకున్నాడట. అప్పుడు వాడి ముఖం చూడాలి! బలం అంటే అదీ. "లెక్క ఎక్కడ తప్పుతోందో పట్టుకోగలను" అని రాయించాను. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి వాడి దగ్గర ఇప్పుడు ఒక సంగతి ఉంది. నువ్వూ ప్రతి బలం పక్కనా ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశావో రాయి. జరిగిన సంగతి గుర్తుకు రాకపోతే ఆ మాట తీసేయ్.

ఒంటరిగా కూర్చుంటే కాగితం పూర్తికాదు. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు జోహారి కిటికీ అని ఒక పద్ధతి పెట్టారు. అందులోనూ నాలుగు గళ్లే. ఒక గడిలో మన గురించి ఇతరులకు తెలిసి మనకు తెలియనివి ఉంటాయి. నా విషయంలో ఆ గడిలో ఉన్నది మన గోదావరి "ఆయ్, అలాగేనండి". మొదటి ఉద్యోగంలో మా మేనేజర్ శుక్రవారానికి పని అవుతుందా అంటే అలాగే అన్నాను. సగం అర్థం కాలేదు, అడగడానికి మొహమాటం. గురువారం రాత్రి పదకొండింటికి కూడా పని తెమలలేదు. మర్నాడు ఆవిడ, "ఆలస్యమైనందుకు కాదు, సోమవారమే చెప్పనందుకు బాధ" అన్నారు. పెద్దల మాటకి ఎదురు చెప్పకపోవడం మర్యాద అనుకుని పెరిగాను. అక్కడ అదే మాట నిలబెట్టుకోకపోవడంలా కనిపించింది. ఆ మర్యాద వల్లే నన్ను నమ్మి పనులు చెప్పినవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి దాన్ని రెండు గళ్లలోనూ రాసుకున్నాను. నువ్వు కూడా ఒక క్లాస్‌మేట్‌నీ, నీతో పనిచేసిన ఒకరినీ, ఇంట్లో ఒకరినీ అడుగు. "నేను ఎలాంటివాణ్ణి" అని కాదు, "నాతో పనిచేస్తుంటే నీకు ఎక్కడ ఇబ్బంది కలిగింది" అని.

అవకాశాల గడిలో "అమెరికా" అని రాశావు. ఏ ప్రొఫెసర్, ఏ రోజు, ఏ కెరీర్ ఫెయిర్ అని రాయి. ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. లేని అనుభవం రెజ్యూమేలో పెట్టి ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లు నీకు తప్పకుండా తారసపడతారు. దాన్ని అవకాశమని రాయకు. అది బయటపడిన నాడు ఉద్యోగంతో పాటు వీసా కూడా పోవచ్చు.

ఇక నిజంగా నీ లోపల మిగిలిన బలహీనతలు రెండో మూడో ఉంటాయి. వాటిని చూసి కుంగిపోకు. మన ధవళేశ్వరం దగ్గర గోదావరి అడుగున అంతా ఇసుకే. కాటన్ దొర ఆ ఇసుక మీదే 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. ఇసుకలో పునాది నిలబెట్టడం ఎలాగో కావేరి మీద మనవాళ్లు ఏనాడో కట్టిన కల్లణై అనే ఆనకట్ట చూసి నేర్చుకున్నాడు. రాయి పక్క కొండలోంచే తవ్వుకున్నాడు. నీకు కూడా క్లాసులో నోరు విప్పడం భయమైతే, నీకంటే ముందు ఆ భయంతోనే నెగ్గుకొచ్చిన సీనియర్ ఎవరో ఉంటారు. వాళ్లను పట్టుకో.

కాలువలకు నీళ్లు వదిలేదాకా నేను ఇక్కడే ఉంటాను. ఈలోగా ఆ పదకొండింటిలో ఏది ఏ గడికి వెళ్లిందో మళ్లీ రాసి పంపు.